భూకంపం రాకముందే ఇల్లూ ఇంట్లోవాళ్ళూ రెడీగా ఉండాలంటే ఏం చెయ్యాలి: మొదటి నుంచి చివరిదాకా

తుఫాను వస్తుందంటే రెండు మూడు రోజుల ముందే కబురు తెలుస్తుంది, వరదకైనా కొన్ని గంటలు టైం ఉంటుంది, భూకంపానికి మాత్రం అలాంటిదేం లేదు. ఫలానా తేదీన ఫలానా టైంకి వస్తుందని చెప్పగలిగే పద్ధతి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు, కాబట్టి వాట్సాప్‌లో తేదీ వేసి ఎవరైనా ఫార్వర్డ్ పెడితే అది నమ్మకండి, ఇంకొకళ్ళకి పంపకండి. భూమి ఊగడం మొదలయ్యాక మన చేతిలో ఉండేది చాలాసార్లు అర నిమిషం కూడా కాదు, ఆ అర నిమిషంలో కొత్తగా ఆలోచించి చేసేది ఏమీ ఉండదు, అంతకుముందు ఇంట్లో మనం చేసి పెట్టుకున్నదే పనికొస్తుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం భూకంపం రాని రోజున, అంటే ఈ ఆదివారమో వచ్చే ఆదివారమో చేసుకోవాల్సిన పనుల గురించే రాస్తున్నా.

ఇంకో మాట. గట్టిగా కట్టిన ఇంట్లో ఉన్నవాళ్ళకి ఎక్కువగా దెబ్బలు తగిలేది ఇల్లు కూలి కాదు, బీరువా మీద పడి, టీవీ పడి, అద్దం పగిలి, చీకట్లో ఆ గాజుపెంకుల మీద ఉత్తికాళ్ళతో నడిచి. వీటన్నిటినీ మనమే, పెద్ద ఖర్చు లేకుండా, మన చేతులతో ఆపుకోవచ్చు. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే ఇదే.

మొదటి పని: మీ ఇల్లు ఏ రకమో తెలుసుకోండి

2010 జనవరి 12న హైతీలో 7.0 మాగ్నిట్యూడ్ (భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకె) భూకంపం వచ్చింది, లక్షమందికి పైగా చనిపోయారు. అదే ఏడాది ఫిబ్రవరి 27న చిలీలో 8.8 వచ్చింది, చనిపోయినవాళ్ళు ఐదు వందల పైచిలుకు. మాగ్నిట్యూడ్ ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది, ఆ లెక్కన చిలీది హైతీ దానికంటే కొన్ని వందల రెట్లు పెద్దది. హైతీలో భూకంప కేంద్రం రాజధానికి చాలా దగ్గరగా, లోతు తక్కువలో ఉండటం ఒక కారణమే, కానీ అసలు తేడా ఇళ్ళు కట్టిన తీరులో ఉంది. చిలీ వాళ్ళు 1960లో 9.5 చూసినవాళ్ళు, కొలిచిన భూకంపాల్లో అంతకంటే పెద్దది ఇప్పటిదాకా లేదు, ఆ తర్వాత వాళ్ళు రూల్స్ గట్టిగా పెట్టుకుని వాటి ప్రకారం కట్టారు.

మీ ఇంట్లో చూడాల్సినవి చెప్తాను. పిల్లర్లు, బీములు లేకుండా ఉత్తి ఇటుక గోడల మీదో రాతి గోడల మీదో స్లాబ్ నిలబెట్టిన ఇల్లా? పైకప్పు బాగా బరువైనదా? కింద ఫ్లోర్ మొత్తం పార్కింగ్‌కి వదిలేసి ఉత్తి పిల్లర్ల మీద పైన మూడు నాలుగు అంతస్తులు గోడలతో సహా లేపారా? (ఊగినప్పుడు పైభాగం పెట్టెలాగా గట్టిగా ఉంటుంది, కింద పిల్లర్ల ఫ్లోర్ బలహీనంగా ఉంటుంది, బరువంతా అక్కడ పడి పిల్లర్లు విరుగుతాయి, చాలా దేశాల్లో అపార్ట్‌మెంట్లు కూలింది ఇలాగే.) రెండు అంతస్తులకి వేసిన పునాది మీద తర్వాత ఇంకో రెండు కట్టారా? హాలు పెద్దది చేద్దామని మధ్యలో గోడ కొట్టేశారా, ఏసీ పైపు కోసం బీముకి కన్నం పెట్టారా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించండి, కట్టిన మేస్త్రిని కాదు, అమ్మిన బిల్డర్‌ని అసలే కాదు.

ఇంజనీర్ వస్తే ఏం అడగాలో కూడా తెలిసి ఉండాలి. ఇటుక గోడల ఇల్లయితే పునాది దగ్గర, కిటికీల పైన లింటెల్ దగ్గర, కప్పు కింద చుట్టూతా కాంక్రీట్ బ్యాండ్ ఉందా అని అడగండి, అది నాలుగు గోడల్నీ బెల్టులాగా కట్టి ఉంచుతుంది, లేకపోతే గోడలు తలో వైపు విడిపోయి పడతాయి. లేదంటే బయటనుంచి బ్యాండ్ వెయ్యొచ్చా, మూలలు గట్టి చెయ్యొచ్చా అని అడగండి. పార్కింగ్ పిల్లర్లయితే చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీట్ తొడుగు వేసే జాకెటింగ్ అనే పద్ధతుంది, పిల్లర్ల మధ్య కొన్నిచోట్ల గోడలు వేసే పద్ధతీ ఉంది. కొత్తగా కట్టుకుంటున్నవాళ్ళు మాత్రం ఇది కళ్ళారా చూసుకోండి: పిల్లర్‌లో నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగుల చివరలు 90 డిగ్రీల దగ్గర ఆపేసి వదిలేస్తుంటారు, అవి 135 డిగ్రీలు లోపలికి వంగి కాంక్రీట్‌ని పట్టుకుని ఉండాలి, పైగా బీము కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఊగినప్పుడు మామూలు రింగు విడిపోతుంది, వంచిన రింగు విడిపోదు. స్లాబ్ పోసేశాక ఇది కనపడదు కాబట్టి పోసే ముందు రోజే వెళ్ళి ఫోటోలు తీసుకోండి.

అద్దెకున్నవాళ్ళు ఇవన్నీ చెయ్యలేరు, నిజమే, కానీ ఇల్లు వెతికేటప్పుడు చూసుకోవచ్చు, ఇక రెండో పని అద్దె ఇంట్లో కూడా చెయ్యొచ్చు.

రెండో పని: ఒక్కో గదిలో నేలమీద కూర్చుని చూడండి

నిలబడి చూస్తే కనపడవు, అందుకే కూర్చోమంటున్నా. ఒక్కో గది మధ్యలో నేలమీద కూర్చుని, ఈ గదిని ఒక పెద్ద మనిషి రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే ఏది పడుతుంది, ఏది జారుతుంది, ఏది ఎగిరి వస్తుంది అని చూడండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి, వాళ్ళకి మనకంటే బాగా కనపడతాయి. నేను మొదటిసారి ఇలా కూర్చుని చూసినప్పుడు పిల్లలు పడుకునే మంచం తలవైపు గోడకి బరువైన ఫోటో ఫ్రేము, పక్కనే తలుపు బీరువా, దానిమీద నిండుగా సర్దిన రెండు సూట్‌కేసులు కనపడ్డాయి, ఏళ్ళ తరబడి రోజూ చూస్తున్న గదే అది. ఆ రాత్రికే సూట్‌కేసులు దింపేశాం.

పడకగదితో మొదలుపెట్టండి, ఎందుకంటే రోజులో మూడోవంతు అక్కడే ఉంటాం, అదీ నిద్రలో. 1993 సెప్టెంబర్ 30న లాతూరు దగ్గర కిల్లారిలో వచ్చింది తెల్లవారుజాము 3:56కి, 1995 జనవరి 17న జపాన్‌లో కోబెలో 5:46కి, 2023 ఫిబ్రవరి 6న టర్కీలో 4:17కి, మూడింటిలోనూ జనం నిద్రలో ఉన్నారు. మంచం కిటికీ పక్కన ఉంటే జరపండి, జరపడానికి చోటు లేకపోతే మందపాటి కర్టెన్ వేసి రాత్రిపూట మూసి ఉంచండి, అద్దానికి సేఫ్టీ ఫిల్మ్ అంటిస్తే ఇంకా మంచిది, పగిలినా ముక్కలు ఎగరవు. తలవైపు గోడకి ఏదీ వేలాడకూడదు. మంచం పక్కన మనిషి ఎత్తు దాటిన బీరువా ఉంటే అది పడితే మంచం మీద పడుతుందా, తలుపుకి అడ్డం పడుతుందా అని కొలిచి చూడండి, రెండూ ప్రమాదమే.

ఇక బిగించడం. ఎత్తైన ఏ బీరువానైనా, పుస్తకాల అరనైనా, షోకేస్‌నైనా పైభాగంలో గోడకి బిగించాలి, కింద బిగిస్తే ఉపయోగం లేదు. ఎల్ ఆకారంలో ఉండే క్లాంపులు రెండు, ఎడమవైపు ఒకటి కుడివైపు ఒకటి. గోడకి డ్రిల్ వేసేటప్పుడు చాలామంది ప్లాస్టర్ వరకే దింపి ప్లగ్గు పెట్టేస్తారు, అది చేత్తో లాగినా ఊడొస్తుంది, ప్లాస్టర్ దాటి ఇటుకలోకో కాంక్రీట్‌లోకో బాగా లోపలికి దిగాలి, బరువైన వాటికి ప్లాస్టిక్ ప్లగ్గు కాకుండా యాంకర్ బోల్ట్ వాడండి. ఉత్తి బోర్డుతో చేసిన పార్టిషన్ గోడ అయితే బోర్డుకి కాదు, దాని వెనకున్న ఫ్రేముకి పడాలి స్క్రూ. బీరువా వైపు కూడా అంతే, వెనక రేకు పల్చగా ఉంటే స్క్రూ చించుకుని వచ్చేస్తుంది, పై అంచు దగ్గర రేకు మడత పెట్టిన గట్టి చోట వాషర్ వేసి బిగించండి. రెండు బీరువాలు పక్కపక్కన ఉంటే వాటిని ఒకదానికొకటి కూడా బోల్ట్ చెయ్యండి. ఇంటి ఓనర్ గోడకి కన్నం వెయ్యనివ్వకపోతే బీరువా పైకీ సీలింగ్‌కీ మధ్య బిగించే టెన్షన్ పోల్స్ ఉంటాయి, జపాన్‌లో అద్దె ఇళ్ళలో ఇవే వాడతారు, గోడకి బిగించినంత గట్టి కాదు కానీ ఏమీ లేనిదానికంటే మేలు, అదీ కుదరకపోతే ఎత్తైన సామానంతా ఎవరూ పడుకోని గదిలోకి మార్చెయ్యండి. ఏది చేసినా సరే బరువైనవి కింద అరల్లో, తేలికవి పై అరల్లో.

హాల్లో టీవీ వెనక స్ట్రాప్ వేసి గోడకో స్టాండ్‌కో కట్టండి. ఫోటోలు మేకుకి కాకుండా మూసుకునే కొక్కేనికి వెయ్యండి, మామూలు కొక్కెం అయితే ప్లయర్‌తో కొన వంచెయ్యండి. వంటింట్లో తలుపులున్న అరలకి లాచ్ పెట్టండి, చిన్నపిల్లలు తెరవకుండా పెట్టే లాకులు కూడా పనికొస్తాయి, లేకపోతే ఊగినప్పుడు తలుపులు తెరుచుకుని గాజు సామానంతా బయటికి దూకుతుంది. ఫ్రిజ్‌ని పైన స్ట్రాప్‌తో గోడకి కట్టండి. గోడకి వేలాడే గీజర్ బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి, నీళ్ళు నిండితే అది ఎంత బరువో మర్చిపోతాం. నేలమీద నిలబెట్టే పెద్ద హీటర్ అయితే పై మూడోవంతులో ఒకటి, కింది మూడోవంతులో ఒకటి రెండు ఇనప పట్టీలు వేసి గోడకి కట్టాలి. యాసిడ్, ఫినాయిల్, బ్లీచ్ లాంటివి కింద అరలో విడివిడిగా పెట్టండి, కొన్ని కలిస్తే విషవాయువు వస్తుంది.

బయట కూడా ఒకసారి చుట్టూ తిరగండి: పిట్టగోడ మీద పూలకుండీలు, ఊగుతున్న పిట్టగోడ ఇటుకలు, బయటికి వేలాడే ఏసీ యూనిట్, డాబా మీద వాటర్ ట్యాంకు. గుమ్మం పైన ఉన్నవి ముందు తీసెయ్యండి, పరుగెత్తి బయటికొచ్చినవాళ్ళ నెత్తిన పడేవి అవే.

ఇదంతా ఒక్కరోజులో అవ్వదు. మొదటి రోజు పడకగదులు, అంతే, మిగతావి తర్వాతి వారాల్లో.

మూడో పని: గ్యాస్, కరెంటు, నీళ్ళు

1923 సెప్టెంబర్ 1న టోక్యో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది మధ్యాహ్నం 12కి రెండు నిమిషాల ముందు, ఇంటింటా పొయ్యి మీద వంట ఉంది, బలమైన గాలి వీస్తోంది, చనిపోయిన లక్షమందికి పైగా జనంలో ఎక్కువమంది మంటల్లోనే పోయారు. జపాన్‌లో ఇప్పటికీ సెప్టెంబర్ 1ని విపత్తుల నివారణ దినంగా పాటించి దేశమంతా డ్రిల్, అంటే ముందస్తు ప్రాక్టీస్, చేస్తారు.

ఇంట్లో పెద్దవాళ్ళు అందరికీ, పదేళ్ళు దాటిన పిల్లలకి కూడా, గ్యాస్ ఎక్కడ కట్టెయ్యాలో చేతితో చేయించి చూపించండి, సిలిండర్ అయితే రెగ్యులేటర్, పైపు గ్యాస్ అయితే మీటర్ దగ్గర వాల్వ్. సిలిండర్ నిలువుగా ఉండేలా గొలుసుతోనో పట్టీతోనో గోడకి కట్టండి. పొయ్యికి వెళ్ళే ట్యూబ్ వంగేదై ఉండాలి, పాతదైపోయి పగుళ్ళు కనపడితే మార్చండి. మీటర్ దగ్గర వాల్వ్ తిప్పడానికి స్పానర్ కావాలంటే దాన్ని అక్కడే తాడుతో కట్టి ఉంచండి. గ్యాస్ వాసన వస్తున్నా, బుస్సుమని శబ్దం వినపడుతున్నా కట్టెయ్యాలి, స్విచ్ ఏదీ వెయ్యకూడదు ఆపకూడదు, తలుపులు తీసి బయటికి రావాలి. పైపు గ్యాస్‌ని ఒకసారి మెయిన్ దగ్గర కట్టేస్తే మళ్ళీ మీరే తిప్పకండి, కంపెనీ మనిషి వచ్చి చెక్ చేసే తిప్పాలి.

మెయిన్ స్విచ్ ఎక్కడుందో, నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుందో కూడా ఇలాగే. ఏబీసీ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి వంటింటి గుమ్మం దగ్గర పెట్టండి, వంటింటి లోపల మూలలో పెడితే మంట దాటి వెళ్ళి తీసుకోవాల్సి వస్తుంది.

నాలుగో పని: ఊగుతున్నప్పుడు ఏం చెయ్యాలో ఒంటికి అలవాటు చెయ్యడం

మూడు మాటలు: వంగు, దూరు, పట్టుకో. చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనేలా వంగాలి, అప్పుడు కిందపడం, పాకగలం. గట్టి టేబుల్ కిందో బల్ల కిందో దూరాలి, ఒక చేత్తో తలా మెడా కప్పుకోవాలి. రెండో చేత్తో టేబుల్ కాలు పట్టుకోవాలి, ఎందుకంటే టేబుల్ జరుగుతుంది, దాంతోపాటు మనమూ జరగాలి. టేబుల్ లేకపోతే లోపలి గోడ పక్కన, కిటికీకీ బీరువాకీ దూరంగా, మోకాళ్ళ మీద ముడుచుకుని రెండు చేతులతో తలా మెడా కప్పుకోవాలి.

మంచం మీద ఉంటే దిగకండి, బోర్లా తిరిగి దిండు తలమీద వేసుకుని పట్టుకోండి, దిగి నడిచినవాళ్ళకే గాజు గుచ్చుకుంటుంది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు చక్రాలు లాక్ చేసి ముందుకి వంగి తల కప్పుకోవాలి. మోకాళ్ళ మీదకి వంగలేని పెద్దవాళ్ళు కుర్చీలోనే కూర్చుని అలాగే చెయ్యాలి, నాలుగు అడుగులు నడిచి టేబుల్ దాకా వెళ్ళమని వాళ్ళని తొందరపెట్టకండి. లిఫ్ట్‌లో ఉంటే అన్ని ఫ్లోర్ల బటన్లూ నొక్కి ఎక్కడ ఆగితే అక్కడ దిగిపోండి. కారులో ఉంటే బ్రిడ్జికీ కరెంటు తీగలకీ దూరంగా పక్కకి ఆపి హ్యాండ్ బ్రేక్ వేసి లోపలే ఉండండి. పొయ్యి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంటే కట్టెయ్యండి, దూరంగా ఉంటే ఊగడం ఆగాక.

గుమ్మంలో నిలబడాలి అనేది పాత మాట. మట్టి ఇళ్ళు కూలిపోయి చెక్క గుమ్మం ఒక్కటే నిలబడి ఉన్న ఫోటోలు చూసి పుట్టిన నమ్మకం అది, ఇప్పటి ఇళ్ళలో గుమ్మం మిగతా గోడకంటే గట్టిదేం కాదు, పైగా తలుపు ఊగి వేళ్ళు నలుగుతాయి. టేబుల్ కింద కాదు, పక్కన పడుకోవాలి, అక్కడ త్రికోణంలో ఖాళీ మిగులుతుంది అని ఒక మెసేజ్ ఎన్నో ఏళ్ళుగా తిరుగుతోంది, రక్షణ పనుల్లో ఉండే నిపుణులు దాన్ని తప్పనే చెప్తున్నారు, ఆ ఖాళీ ఎక్కడ ఏర్పడుతుందో ముందే ఎవరికీ తెలియదు, పైగా పడే సామాన్లకి ఒళ్ళంతా అప్పగించినట్టు అవుతుంది.

మరి బయటికి పరుగెత్తడం? ఇది నన్ను చాలామంది అడుగుతారు, నిజాయితీగా చెప్పాలంటే జవాబు ఇంటిని బట్టి ఉంటుంది. గట్టిగా కట్టిన ఇంట్లో, పై అంతస్తులో ఉంటే పరుగెత్తకండి, మెట్ల మీద పడతారు, గుమ్మం బయట ఇటుకలు పడతాయి. ఉత్తి మట్టితోనో రాళ్ళతోనో కట్టిన బరువు కప్పు ఇల్లయి, మీరు కింద ఫ్లోర్‌లో గుమ్మం పక్కనే ఉండి, రెండు మూడు అంగల్లో ఖాళీ జాగాలోకి పోగలిగితే అప్పుడు బయటికి పోవడమే మంచిది. ఏది మీ ఇల్లో ఇప్పుడే తేల్చుకోండి, మొదటి పని చెయ్యమన్నది ఇందుకు కూడా.

సముద్రం పక్కన ఉంటే ఇంకో రూల్ ఉంది. 20 సెకన్లకి మించి ఊగినా, నీళ్ళు ఒక్కసారి వెనక్కి పోయినా సైరన్ కోసం చూడకుండా ఎత్తైన చోటుకి నడవాలి. ఇండోనేషియాలో సిమెల్యూ అనే దీవి 2004 డిసెంబర్ 26 భూకంపానికి చాలా దగ్గర్లో ఉంది, దాదాపు 78,000 మంది ఉండేవాళ్ళు, సునామీలో పోయింది ఏడుగురే. 1907లో వచ్చిన సునామీ సంగతి తాతలు మనవలకి చెప్తూ వచ్చారు, దానికి వాళ్ళ భాషలో స్మాంగ్ అని పేరు, భూమి గట్టిగా ఊగితే కొండెక్కాలని అక్కడ పిల్లలకి కూడా తెలుసు, ఊగగానే ఎక్కేశారు.

డ్రిల్ అంటే పెద్ద తతంగం కాదు. అన్నాల టైంలో ఒకరు హఠాత్తుగా భూకంపం అని అరవాలి, అందరూ ఎక్కడున్నవాళ్ళు అక్కడే వంగి, దూరి, పట్టుకుని అరవై లెక్కపెట్టాలి. తర్వాత బయట అనుకున్న చోటుకి రావాలి. మెక్సికోలో 2017 సెప్టెంబర్ 19న, 1985 భూకంపం గుర్తుగా ఉదయం 11కి దేశమంతా డ్రిల్ చేశారు, ఆ మధ్యాహ్నమే 1:14కి నిజమైన 7.1 భూకంపం వచ్చింది.

ఫోన్‌లో భూకంపం అలర్ట్ సెట్టింగ్ ఉందేమో చూసి ఆన్ చెయ్యండి. భూకంపంలో ముందు వేగంగా వచ్చే చిన్న తరంగం ఒకటుంటుంది, వెనకాల నెమ్మదిగా వచ్చి గట్టిగా ఊపే తరంగం ఇంకొకటి, మొదటిదాన్ని పట్టుకుని రెండోది రాకముందే హెచ్చరించడమే ఈ అలర్ట్ పని. దొరికేది కొన్ని సెకన్లే, కేంద్రానికి బాగా దగ్గరగా ఉంటే అదీ దొరకదు, కానీ టేబుల్ కిందకి దూరడానికి ఐదు సెకన్లు చాలు.

ఐదో పని: ఇంట్లోవాళ్ళందరూ ఒక మాట అనుకోవడం

భూకంపం వచ్చేసరికి ఇంట్లో అందరూ ఒకచోట ఉంటారని లేదు, ఒకరు ఆఫీసులో, ఒకరు స్కూల్లో, ఒకరు బజార్లో. కాబట్టి రెండు చోట్లు అనుకోండి, ఒకటి ఇంటి ముందే తీగలూ గోడలూ లేని ఖాళీ జాగా, రెండోది ఆ వీధికే రాలేకపోతే కలుసుకునే చోటు, స్కూల్ గ్రౌండో పార్కో. వేరే ఊళ్ళో ఉండే చుట్టాన్నో ఫ్రెండ్‌నో ఒకళ్ళని అనుకోండి, మన ఊళ్ళో లైన్లు జామ్ అయినా బయట ఊరికి కలవొచ్చు, అందరూ ఆ ఒక్కరికే క్షేమమని చెప్తారు, ఆయనో ఆవిడో మిగతావాళ్ళకి చేరవేస్తారు. కాల్ కాకుండా మెసేజ్ పంపండి, నెట్‌వర్క్ కిక్కిరిసినా మెసేజ్ వెళ్ళే అవకాశం ఎక్కువ. నంబర్లు కాగితం మీద రాసి పిల్లల బ్యాగులో, మీ పర్సులో పెట్టండి, ఫోన్ ఛార్జ్ అయిపోతే మనకి సొంత వాళ్ళ నంబర్ కూడా గుర్తుండదు.

స్కూల్‌కి వెళ్ళి అడగండి, భూకంపం వస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారు, ఎవరికి అప్పగిస్తారు అని. మీరు వెళ్ళలేకపోతే ఎవరు తీసుకురావాలో స్కూల్‌లో రాయించండి. ఇరుగుపొరుగుతో కూడా మాట్లాడండి, కోబెలో శిథిలాల కింద నుంచి బయటికి తీసినవాళ్ళలో ఎక్కువమందిని తీసింది ఫైర్ సిబ్బందో సైన్యమో కాదు, ఇంట్లోవాళ్ళూ పక్కింటివాళ్ళే. పక్కింట్లో మంచం దిగలేని పెద్దావిడ ఏ గదిలో పడుకుంటారో మీకు తెలిసి ఉంటే అదే ఆవిడకి ప్రాణం.

పిల్లలకి భయం పెట్టకండి, కానీ దాచకండి కూడా. ఏం చెయ్యాలో తెలిసిన పిల్లలకి భయం తక్కువ.

ఆరో పని: నీళ్ళు, బ్యాగ్

నీళ్ళు మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్క వేసుకోండి, తాగడానికీ కాస్త శుభ్రానికీ కలిపి, కనీసం మూడు రోజులకి, చోటుంటే రెండు వారాలకి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకే 48 లీటర్లు అవుతుంది, చాలామంది రెండు బాటిళ్ళు పెట్టుకుని అయిపోయిందనుకుంటారు. శుభ్రమో కాదో తెలియని నీళ్ళయితే గుడ్డతో వడకట్టి గలగలా ఒక నిమిషం మరిగించాలి (కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు), మరిగించే వీలు లేకపోతే వాసనా రంగూ కలపని 5-6 శాతం క్లోరిన్ బ్లీచ్ లీటరుకి రెండు చుక్కలు వేసి అరగంట ఆగి తాగొచ్చు.

బ్యాగ్ ఒకటి గుమ్మం దగ్గర్లో ఉండాలి. అందులో వండక్కర్లేని తిండి, టార్చ్, బ్యాటరీలు, పవర్ బ్యాంక్, బ్యాటరీతో నడిచే చిన్న రేడియో, విజిల్, ఫస్ట్ ఎయిడ్, దుమ్ముకి మాస్కులు, గట్టి గ్లౌజులు, దుప్పటి, కొంచెం నగదు చిల్లరగా (ఏటీఎంలు, ఫోన్ పేమెంట్లు పనిచెయ్యవు), కాగితాల జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో. రోజూ వేసుకునే మందులు కనీసం వారానికి, చీటీతో సహా. పాత కళ్ళజోడు పారెయ్యకుండా ఇందులో పెట్టండి. పసిపిల్లలుంటే వాళ్ళవి, ఆడవాళ్ళకి ప్యాడ్లు, పెంపుడు జంతువు ఉంటే దాని తిండీ తాడూ. డ్రైనేజీ పైపులు పగిలితే ఫ్లష్ చెయ్యకూడదు కాబట్టి గట్టి చెత్త కవర్లూ మూతున్న బకెట్టూ కూడా పక్కన ఉంచుకోండి.

బ్యాగ్ కంటే ముందు చెయ్యాల్సింది ఇంకోటి ఉంది, ఈ రాత్రే చెయ్యొచ్చు: ఒక్కొక్కరి మంచం కాలికి ఒక కవర్ కట్టి అందులో బూట్లు, టార్చ్, విజిల్ పెట్టండి. ఉత్తినే మంచం కింద పెడితే ఊగినప్పుడు గది అవతలికి జారిపోతాయి, అందుకే కట్టాలి.

ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే అందులో భూకంపం కలిసి ఉందో లేదో చదవండి, చాలా పాలసీల్లో అది విడిగా తీసుకోవాలి.

ఏడో పని: ఊగడం ఆగాక

ముందు బూట్లు. తర్వాత మీకు, పక్కవాళ్ళకి దెబ్బలున్నాయేమో. తర్వాత గ్యాస్ వాసన, మంట, కరెంటు తీగలు. అగ్గిపుల్ల, కొవ్వొత్తి వెలిగించకండి. పిల్లర్లకి ఏటవాలు పగుళ్ళు కనపడినా, తలుపులు పట్టేసినా, ఇల్లు ఒక వైపు ఒరిగినట్టున్నా బయటికి వచ్చెయ్యండి, లిఫ్ట్ కాదు, మెట్లు.

బయటికొచ్చినవాళ్ళు సామాన్ల కోసం మళ్ళీ లోపలికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకుంటారు. టర్కీలో 7.8 వచ్చాక తొమ్మిది గంటల తర్వాత 7.5 వచ్చింది, నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 వస్తే మే 12న 7.3 వచ్చి అప్పటికే బీటలు వారిన ఇళ్ళని కూల్చింది. ఆఫ్టర్‌షాక్స్, అంటే పెద్దదాని వెనకాల వచ్చే భూకంపాలు, రోజులు గడిచేకొద్దీ తగ్గుతాయి, కానీ వరసగా చిన్నవే వస్తాయని ఏమీ లేదు. ఇంజనీర్ చూసి సరే అనేదాకా పగిలిన ఇంట్లో పడుకోకండి.

ఒకవేళ లోపల ఇరుక్కుంటే అరవడం ఆఖరికి, దుమ్ము లోపలికి పోతుంది, ఓపికా పోతుంది, నోటికి గుడ్డ కట్టుకుని విజిల్ ఊదండి, లేదా పైపు మీదో గోడ మీదో మూడేసి దెబ్బలు కొట్టి ఆగి మళ్ళీ కొట్టండి. జనరేటర్ పెట్టుకునేవాళ్ళు ఇంటి బయట, కిటికీలకి దూరంగా పెట్టండి, దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఆరు నెలలకోసారి

ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఆరు నెలలకోసారి. ఇంట్లో పట్టి పెట్టుకున్న నీళ్ళు మార్చాలి, తిండీ మందులూ తేదీలు చూడాలి, టార్చ్ బ్యాటరీలు విడిగా తీసి చూడాలి (లోపలే ఉంచితే కారిపోతాయి), క్లాంపుల స్క్రూలు చేత్తో లాగి చూడాలి, కొత్తగా కొన్న సామాను ఏదైనా బిగించకుండా ఉందేమో చూడాలి, నంబర్లు మారితే కాగితం మళ్ళీ రాయాలి. ఆ రోజే ఒకసారి లైట్లన్నీ ఆపేసి చీకట్లో డ్రిల్ చెయ్యండి. పిల్లల మంచానికి కట్టిన కవర్ విప్పి ఆ బూట్లు వాళ్ళకి ఇంకా పడతాయో లేదో వేయించి చూడండి, పిల్లల కాళ్ళు ఎంత త్వరగా పెరుగుతాయో తెలుసు కదా.